దారంతో కొలిచిన విమానం

ఆ వయసులో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లెక్క వచ్చినవాడికి లోకంలో ఎవరినీ ఏదీ అడగాల్సిన పని లేదని. డిగ్రీ మధ్యలో మానేసినా, మండవల్లిలో మా మామయ్య చేపల చెరువులకు మేత ఎన్ని బస్తాలు పడుతుందో నోటితోనే చెప్పేసేవాణ్ణి. అందుకే హైదరాబాదులో నాకు పెళ్ళిచూపులు కుదిరి, పదకొండున్నరకు వర్జ్యం వస్తుంది, ఆ లోపే పిల్లను చూడాలని పంతులుగారు చెప్పినప్పుడు ప్రయాణం లెక్క నా మీదే పడింది. (ముందు రాత్రి చెరువులో చేపల పట్టుబడి. రైలెక్కే వీలు లేదు.) స్కూలు అట్లాసు తీసి గన్నవరం నుంచి శంషాబాదుకు దారం పట్టి కొలిచాను. రెండు వందల అరవై కిలోమీటర్లు. విమానం గంటకు ఎనిమిది వందలు పోతుందని ఎక్కడో చదివాను.

"ఇరవై నిమిషాలు మామయ్యా!"

"టికెట్టు మీద గంటా అయిదు నిమిషాలని ఉందేంట్రా?"

"రైలువాళ్ళలాగే ఆలస్యం ముందే కలిపేసుకుంటారు మామయ్యా."

మామయ్య వెంటనే అమ్మాయి తండ్రికి ఫోన్ చేశాడు. "మావాడి లెక్క ప్రకారం ఇరవై నిమిషాలేనండీ. తొమ్మిదిన్నరకు ఎక్కితే పదకొండుకల్లా మీ గుమ్మంలో ఉంటాం."

తీరా చూస్తే విమానం రెక్కలకు ఫ్యాన్లున్నాయి, జెట్టంత జోరుగా పోని రకం. నా ఎనిమిది వందలకు అక్కడే గండి పడింది. పైకి లేచాక, కిటికీ పక్కన కూర్చున్న మామయ్య కేకేశాడు. "ఒరేయ్, అవి మన చెరువులు కావూ? మళ్ళీ ఇంటికే తీసుకెళ్తున్నాడేంట్రా!" నిజమే. తూర్పుకు లేచిన విమానం కొల్లేరు వైపు కొంత దూరం పోయి, అప్పుడు తీరిగ్గా వెనక్కి తిరిగింది. దారంలో ఆ మలుపు లేదు. దిగాక సామాను కోసం నిలబడ్డదీ, ఊళ్ళో ట్రాఫిక్కూ నా లెక్కలో అసలే లేవు. గుమ్మం తొక్కేసరికి పన్నెండు. నడి వర్జ్యం.

"మాట తప్పినవాళ్ళకి పిల్లనెవరిస్తారురా?" అని మామయ్య నా చెవిలో పళ్ళు నూరాడు.

"ఒంటిగంట దాటాక చూసుకుందురుగాని, ఈలోగా భోంచేయండి" అన్నారు అమ్మాయి తండ్రి.

"అబ్బే, సంబంధం ఖాయమైతే గానీ పిల్ల ఇంట్లో చెయ్యి కడగకూడదండీ మాకు" అన్నాడు మామయ్య. వంటింట్లోంచి పప్పుచారు వాసన. గంట పైన అలాగే కూర్చున్నాం.

చివరికి అమ్మాయి వచ్చి కూర్చుంది. "ఇరవై నిమిషాలన్నది మీరేనాండీ?" అని అడిగింది. నేను దారం, ఫ్యాన్లు, కొల్లేరు మలుపు అన్నీ వివరంగా చెప్పి, "లెక్క తప్పలేదండీ, విమానమే చుట్టు తిరిగింది" అని ముగించాను. ఆమె చాలాసేపు నవ్వింది. తర్వాత తండ్రివైపు తిరిగి, "నాన్నా, భోజనాలు వడ్డించమనండి" అంది. నాకు అర్థమయ్యేలోపే మామయ్య చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు.

ఇప్పుడు మేముండే ఏలూరు నుంచి విమానానికి ఎప్పుడు గన్నవరం బయల్దేరినా, దూరమూ సమయమూ ఫోనే చెప్పేస్తుంది. నేను మాత్రం ఇంకో మూడు గంటలు కలుపుకుంటాను. "ఏవండీ, దారం తీసుకురానా?" అంటుంది మా ఆవిడ. విమానం కొల్లేరు మీద తిరిగితే మాత్రం ఇద్దరం కిటికీలోంచి వంగి చూస్తాం. అట్లాసు మీద దారం పట్టుకుని అంత ధీమాగా కూర్చున్న ఆ కుర్రాడంటే నాకిప్పటికీ కాస్త ముద్దే.