సిఫారసు అనే మాట

నేను ఐదో తరగతి దాకానే చదివాను. కాకపోతే ఆ ఐదునే మూడేళ్లు చదివాను కాబట్టి, లెక్కకు ఏడు చదివినవాణ్ణే. ఆ చదువు బలంతోనే ఎనభైల్లో తిరువళ్లూరు బస్టాండు పక్కన మా టీకొట్టులో పొద్దున్నే తమిళ పేపరు గట్టిగా చదివి వినిపించేవాణ్ణి. వార్తలు పేపరువి, వెటకారం నాది.

కొట్టు చూరు కింద ఒక సిలోను తమిళుడు కుట్టుమిషను వేసుకుని ఉండేవాడు. శ్రీలంకలో తమిళుల మీద అల్లర్లు జరిగాక పడవెక్కి వచ్చి, కొన్నాళ్లు గుమ్మిడిపూండి శరణార్థుల క్యాంపులో ఉండి, మా ఊరు చేరాడు. మా తెలుగువాళ్ల రవికలూ చొక్కాలూ కుట్టీ కుట్టీ మా మాటలు కూడా పట్టేశాడు. సిలోనులో అతని తమ్ముణ్ణి యూనిఫాంలో వచ్చినవాళ్లు ఇంట్లోంచి తీసుకుపోయారు. కేసు లేదు, కోర్టు లేదు, ఏ జైల్లో పెట్టారో తెలీదు. అతనికి చదువొచ్చు. కానీ తన దేశం వార్త తన కళ్లతో చదువుకోవడానికి ధైర్యం చాలేది కాదు. నా నోట సిలోను అనే మాట వస్తే చాలు, మిషను ఆగిపోయేది.

ఒకరోజు పేపర్లో పడింది. ఎక్కడో చల్లటి ఊళ్లో దేశదేశాల రాయబారులు కూర్చుని, విచారణ లేకుండా మనుషుల్ని లోపల పెట్టొద్దనీ, పట్టుకున్నవాళ్లు ఎక్కడున్నారో ఇంటివాళ్లకు చెప్పాలనీ సిలోనుకు సిఫారసు చేశారట. తమిళంలోనూ తెలుగులోనూ దాదాపు ఒకటే మాట అది. అతను లేచి వచ్చి మళ్లీ చదవమన్నాడు. చదివాను.

“మీ పక్క సిపారసు చేస్తే పని అయిపోతాదా అన్నా?”

మా పక్క సిఫారసు అంటే ఉద్యోగం కోసం పెద్దమనిషి వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడటమే. నా కథ చెప్పాను. తిరుత్తణిలో ఒక పెద్దాయన, నేను చెప్పానని చెప్పు అంటూ నన్ను ఫ్యాక్టరీకి పంపాడు. అక్కడి మేనేజరు ఆయనెవరని అడిగి, నాకు టీ ఇప్పించి సాగనంపాడు. ఆ టీ బాగుండబట్టే ఈ కొట్టు పెట్టానన్నాను. బెంచీల మీదివాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు. వాళ్లు వినకపోతే ఏం చేస్తారని అడిగాడు.

“ఏముందయ్యా, ఇంకో సిపారసు చేస్తారు.”

మళ్లీ నవ్వులు. అతను పోయి మిషను ముందు కూర్చున్నాడు గానీ కాలు ఆడించలేదు. సాయంత్రం ఒకావిడ వచ్చి, కుట్టని రవిక గుడ్డ లాక్కుని, తిట్టుకుంటూ పోయింది.

వానలు మొదలయ్యాక ఇంకో వార్త వచ్చింది. సిఫారసులను పరిశీలిస్తామని అక్కడి ప్రభుత్వం చెప్పిందట, అంతే. ఆ రోజు నాకు వెటకారం రాలేదు. టీ గ్లాసు తీసుకెళ్లి మిషను మీద పెట్టి, అంత పెద్ద దేశాలు చెప్పాక వినకుండా పోతారా, కాకపోతే ఇంకో దారి చూస్తారులే అన్నాను.

అతను తల ఎత్తకుండా దారం పంటితో తెంపాడు.

“నీ సిపారసు పనిచేయకుంటే నువ్వు ఇంటికొచ్చినావన్నా. మా తమ్ముడు యాడికి రావాల?”