అత్త పాటలు ఆపేసింది నేనే

ఈ రోజు మధ్యాహ్నం మా మేనత్త కోట్‌పల్లి నుంచి బస్సెక్కి, తాండూరులో నేను పనిచేసే ఆఫీసుకు వచ్చింది. అత్తకు గొర్రెల మంద ఉంది. మేపే చోట సిగ్నల్ ఉండదని, పోయినేడాది నేను చందా కట్టే పాటల యాప్‌ను నా ఖాతాతోనే ఆమె ఫోన్‌లో పెట్టి, బోలెడు పాటలు డౌన్‌లోడ్ చేసిచ్చాను. అత్త ఫోన్‌ను కొంగుకు కట్టుకుని నడిస్తే, ఆ పాట వెంటే మందంతా నడుస్తుంది.

ఆ సంగతే మరిచిపోయి, పోయిన వారం యాప్ చందా రద్దు చేశాను. ఎందుకు మానేస్తున్నారని యాప్ అడిగితే "ఎవరూ వినడం లేదు" అని నొక్కాను. గడువు నిన్నటితో అయిపోయింది. పొద్దున అత్త ఫోన్‌లో ఒక్క పాటా రాలేదు. ఆమె దాంతో తంటాలు పడుతుండగా గొర్రెలు చెదిరి, ఎవరిదో కంది చేనులో పడ్డాయట. ఆ రైతు నోటికొచ్చినట్టు తిట్టాడట.

"నేనే ఏదో ఒత్తిన బిడ్డా. నువ్వు గంత మంచిగ పెట్టిస్తివి, నేను ఖరాబ్ జేసిన. కోపం జెయ్యకు" అంది.

"నీ తప్పేం లేదత్తా" అన్నాను. ఎవరి తప్పో మాత్రం చెప్పలేదు.

అక్కడే మళ్లీ చందా కట్టి, ఆఫీసు వైఫైలో పాటలు దింపి ఇచ్చాను. ఫోన్ పాడగానే అత్త మొహం వెలిగిపోయింది. "మా కోడలి చెయ్యి వడితే ఏదైనా బాగైతది" అని ఆఫీసంతా వినేలా చెప్పి, నా చేతిలో జొన్నరొట్టెల మూట పెట్టి వెళ్లింది.

ఆ మూట ఇంకా విప్పలేదు. మీరైతే తినగలిగేవారా?