పొయ్యి నెత్తిన ఏమీ వద్దన్న మేస్త్రి

పోయిన నెల సెలవులకు నేను హిందూపురం ఇంట్లో ఉండగా పెనుకొండ నుంచి కార్డు వచ్చింది. మేస్త్రి చనిపోయాడని నాలుగు వాక్యాల్లో రాసి ఉంది. రాసింది పక్కింటివాళ్ళు. రెండు రోజులు బయట కనబడకపోతే తలుపు నెట్టి చూశారట. జ్వరంతో పడి ఉన్నాడు, ఆ సాయంత్రానికే ప్రాణం పోయింది. కార్డు మాకు అందేసరికి దహనం కూడా అయిపోయింది. నేను పైకి చదివి వినిపించాను. అమ్మ కార్డు తీసుకుని తిప్పి చూసింది.

"ఎవురూ లేకపాయనా దగ్గర?" అంది.

ఆయన మాకు బంధువు కాదు. బేల్దారి పని చేసే మనిషి. గోడలు చాలామంది కడతారు, ఆయన మాత్రం వంటిళ్ళు బాగా కడతాడని పేరు. ఇప్పుడు నేను ధర్మవరంలో పిల్లలకు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నానంటే ఆయనే కారణం. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నాకు పన్నెండేళ్ళప్పుడు మా నాయన వంటిల్లు బాగు చేయించాలనుకున్నాడు. మాది మట్టిమిద్దె. వంటింట్లో కింద కూర్చుని వండే పొయ్యి, మూలన కుండలు, ఉట్టి, అంతే. నాయన బెల్లం మండీలో పనిచేసేవాడు. మండీ యజమాని ఇంట్లో నిలబడి వండే గట్టు, దాని మీద పొయ్యి, పొయ్యికి పైన గోడకు దిగేసిన పొడుగాటి బండ, ఆ బండ మీద వరసగా ఇత్తడి సామాను చూశాడు. అలాంటిదే కావాలని పెనుకొండ నుంచి మేస్త్రిని పిలిపించాడు.

మేస్త్రి వచ్చిన రోజు కొలతలు తీయలేదు. అమ్మను పాత పొయ్యి దగ్గర నిలబడమన్నాడు.

"అమ్మా, కండ్లు మూసుకో. రాగిసంగటి చేస్తాండావనుకో. ఉప్పు కావల్ల. చెయ్యి చాపు."

అమ్మ సిగ్గుపడుతూ చెయ్యి చాపింది. చెయ్యి ఎక్కడికి పోయిందో అక్కడ గోడ మీద బొగ్గుతో గుర్తు పెట్టాడు. చింతపండుకొకటి, మిరపపొడికొకటి, పప్పుకొకటి. కొలిమి దగ్గర కూర్చున్నవాడిలా గంభీరంగా ఉన్నాడు. మా అవ్వకు నవ్వాగలేదు. ఆమెనూ వదల్లేదు. "అవ్వా, నువ్వు వంగలేవు గదా, నీ నీళ్ళచెంబు యాడుంటే అందుతాది?" అని అడిగి గుర్తు పెట్టాడు. నాయన మండీ నుంచి వచ్చేసరికి గోడంతా బొగ్గు గీతలు.

ఆయన లెక్క చాలా సులభం. "దినామూ వాడేది నడుముకూ భుజానికీ మధ్యన పెట్టల్ల. బరువుది కింద. పండగకు తీసేది పైన. పొయ్యి నెత్తిన మాత్రం ఏమీ ఉండగూడదు." ఈ మాట ప్రతి ఇంట్లోనూ ఇదే వరసలో చెప్పేవాడని తర్వాత తెలిసింది.

గట్టు కట్టడం అయింది. పక్క గోడకు గూళ్ళు తీశాడు. నాయన పొయ్యి పైన బండ ఎప్పుడు వేస్తావని అడిగాడు.

"ఆడ వద్దు సామీ. అమ్మ మంట మీదుగా వంగల్సి వస్తాది."

"మా ఓనరింట్లో లేదా? ఆడోళ్ళు వండుకోవడంల్యా?"

"ఉండాది. నేనైతే వెయ్యను."

"నా ఇంట్లో నేను చెప్పింది కట్టేదానికే నిన్ను పిలిచింది. ఆడోళ్ళ చేతులు కొలిచేదానికి కాదు."

మేస్త్రి తాపీ కడిగి సంచిలో వేసుకున్నాడు. పోతూ అమ్మ వైపు చూసి, "బండ వేస్తే దాని మీద దినామూ వాడేది పెట్టొద్దమ్మా" అన్నాడు. నాయన పరిగి వైపు నుంచి ఇంకొకరిని పిలిపించి రెండు రోజుల్లో బండ వేయించాడు. ఇత్తడి బిందెలు, తపేలాలు దాని మీద వరసగా పెట్టించాడు. చూడటానికి బాగానే ఉండేది. చుట్టాలొస్తే నాయన ముందు వంటింట్లోకే తీసుకుపోయేవాడు.

కానీ ఎంత జాగ్రత్త ఉన్నా ఇంట్లో ఖాళీగా ఉన్న చోటికి సామాను చేరుతుంది. ఇత్తడి పక్కన చింతపండు జాడీ చేరింది. దాని పక్కన పప్పు డబ్బా చేరింది.

ఒక పొద్దున నేను బడికి పోవడానికి జడ వేసుకుంటున్నాను. పొయ్యి మీద సంగటి ఉడుకుతోంది. అమ్మ మునివేళ్ళ మీద లేచి జాడీ అందుకోబోయింది. కొంగుకు నిప్పంటుకుంది. ఆమె బెదిరి వెనక్కి లాక్కునేటప్పుడు జాడీ జారి కుండ మీద పడింది. కుండ పగిలి ఉడుకుతున్న సంగటంతా కుడిచేతి మీద పడింది. సంగటి నీళ్ళలా జారిపోదు, పట్టుకుంటుంది. నేను బిందె నీళ్ళు కుమ్మరించాను. అమ్మ అరవలేదు, అరిచింది అవ్వ. అమ్మ ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చూస్తూ నిలబడింది.

రెండు నెలలు కట్లు కట్టారు. ప్రాణం దక్కింది, చెయ్యి దక్కలేదు. వేళ్ళు నాలుగూ అరచేతి వైపు ముడుచుకుని అతుక్కుపోయాయి. నా బడి ఆగిపోయింది. అవ్వకు చూపు ఆనదు, కాబట్టి పొయ్యి నాకొచ్చింది. ఆ పొయ్యి దగ్గరే, ఆ బండ కిందే వండాను. నాయన ఇత్తడి సామాను దించేశాడు గానీ బండ తీయించలేదు. దాని వైపు చూసేవాడే కాదు. ఎవరిని పిలిచి తీయమన్నా ఎందుకని అడుగుతారని భయపడ్డాడేమో.

ఒక మధ్యాహ్నం మేస్త్రి వచ్చాడు. ఎవరూ కబురు పెట్టలేదు. సోమందేపల్లిలో బస్సు మారేచోట ఎవరో చెప్పుకుంటుంటే విన్నాడట. నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు, తల ఎత్తలేదు. 'నేను ముందే చెప్పాను గదా' అని మేస్త్రి అంటాడని ఎదురుచూశాను. అనాలని కూడా కోరుకున్నాను.

"సామీ, గడ్డపార ఉందా?" అన్నాడు.

నాయన లేచి తెచ్చిచ్చాడు. ఇద్దరూ లోపలికి పోయారు. మేస్త్రి ఒక కొస పెళ్ళగించాడు, నాయన రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ ఆ బండను పెరట్లోకి మోసుకుపోయి పడేశారు. నాయన అక్కడే కూలబడి ఏడ్చాడు. మేస్త్రి పక్కన నిలబడ్డాడు, ఓదార్చలేదు.

తర్వాత అమ్మ దగ్గరికొచ్చి కూర్చున్నాడు. అమ్మ అంది, "ఇంకేం కడతావు మేస్త్రీ? నాకెందుకు వంటిల్లు? పాప చేస్తాంది గదా."

"పాప బడికి పోవల్ల గదమ్మా."

అమ్మ ముడుచుకున్న చెయ్యి కొంగు కింద పెట్టుకుంది. అప్పుడు ఆయన నేల వైపు చూస్తూ చెప్పాడు. "నా పెండ్లాము ఇట్లే పోయింది. మా పొయ్యి నెత్తిన బండ వేసింది నేనే. అప్పుడుండిన ఇల్లు చిన్నది, తావు కలిసొస్తాదనుకుంటి. బండ మీది ఉప్పుజాడీ దించబోయింది. నాలుగు దినాలుండె. నన్ను ఒక్క మాటనలేదు. అని ఉంటే బాగుండు."

మర్నాడు తన కుడిచేతి వేళ్ళు ముడిచి తువ్వాలతో గట్టిగా కట్టుకుని మా వంటింట్లో నిలబడ్డాడు. ఎడమచేత్తో ఒక్కో డబ్బా తెరవబోయాడు. డబ్బా జారుతుంది, మూత తిరగదు. కుండ వంచబోతే దొర్లుతుంది. ఎక్కడ కుదరలేదో అక్కడల్లా ఆగి ఆలోచించాడు. నాలుగు రోజులు పనిచేశాడు. గట్టు బండలో గుండ్రంగా గుంటలు చెక్కాడు. జాడీ అందులో కూర్చుంటే కదలదు, ఒక చేత్తో మూత తీయొచ్చు. రాగిపిండికి నడుమెత్తున తొట్టి కట్టి అడుగున చిన్న కంత పెట్టి చెక్క బిరడా బిగించాడు. బిరడా లాగితే పిండి కింది గిన్నెలో పడుతుంది, ఎత్తి వంచే పని లేదు. బరువైనవన్నీ గట్టు కిందికి పోయాయి. పొయ్యిని గూళ్ళకు దూరంగా ఇంకో గోడకు జరిపాడు. ఒక్కో పనీ అయ్యాక అమ్మను పిలిచి చేయించి చూశాడు. రాకపోతే పగలగొట్టి మళ్ళీ చేశాడు.

అమ్మ మొదటిరోజు చేసిన సంగటి అడుగంటింది. ఏడ్చి, పొయ్యిని కాలితో తన్నబోయింది. మామూలుగా వండటానికి ఆరునెలలు పట్టింది. వండేటప్పుడు మధ్యమధ్యలో తలెత్తి పైకి చూసే అలవాటు మాత్రం ఈనాటికీ పోలేదు. ఎండాకాలం సెలవులయ్యాక నేను బడికి పోయాను. ఒక సంవత్సరం పోయింది, అంతే.

తర్వాత ఆయన్ను ఒక్కసారే చూశాను. ధర్మవరంలో ఒక నేతగాళ్ళ ఇంట్లో. మగ్గం పోగా మిగిలిన రవంత జాగాలో వంటగది. ఇంటామె చెయ్యి చాపుకుని నిలబడి ఉంది, ఆయన బొగ్గుతో గీతలు గీస్తున్నాడు. "మా ఇంటాయన ఇన్నేండ్లల్లో ఇన్ని మాటలు నన్ను అడగల్యా" అని ఆమె నవ్వుతోంది. ఆయన నన్ను గుర్తుపట్టాడు. నేను టీచరునయ్యానంటే తల ఊపాడు. "అమ్మ చెయ్యి చలికి నొస్తాందా?" అని అడిగాడు. నొస్తుందన్నాను. ఆయన మళ్ళీ గోడ వైపు తిరిగాడు.

కార్డు వచ్చిన మర్నాడు అమ్మా నేనూ పెనుకొండ పోయాం. కొండ కింది సందులో ఒంటిగది ఇల్లు. పక్కింటామె తాళం తీసింది.

"ఎన్ని ఇండ్లల్లో ఎన్ని గూళ్ళు కట్టినాడో. ఈడ ఒక మేకు గూడ కొట్టల్యా. కట్టుకో అన్నా అంటే, నాకెందుకులే అనె" అంది.

లోపల కింద కూర్చుని వండే పొయ్యి ఒకటే. గోడ వారగా నేల మీద ఐదారు కుండలు, ఒక పళ్ళెం, ఒక చెంబు. గూడు లేదు, ఉట్టి లేదు. అమ్మ పొయ్యి ముందు నిలబడి తలెత్తి చూసింది. ఏళ్ళ తరబడి పట్టిన మసి, పొయ్యి దగ్గర మొదలై మిద్దె దూలాల దాకా, ఎక్కడా అడ్డం లేకుండా, నల్లగా తిన్నగా పైకి పోయి ఉంది.