ఆ కుర్రాడికి ఐదు వేసింది నేనే

కెనడాలో మా ఒషావా ఊరి తెలుగువాళ్లలో ఆ కుర్రాడి ప్రస్తావన వస్తే ఇప్పటికీ ఒకటే మాట: బద్ధకస్తుడు, అందుకే ఉద్యోగం దొరక్క వెనక్కి వెళ్లిపోయాడని. అది నిజం కాదు. ఆ మాట పుట్టింది మా ఇంటి డైనింగ్ టేబుల్ మీద.

అమెరికాలో ఉన్న రోజుల్లో నాకొక ఆట అలవాటైంది. కార్డులతో, పాచికలతో ఆడే బేస్‌బాల్. ఒక్కో ఆటగాడికి ఒక్కో కార్డు. కిందటి సీజన్‌లో అతను నిజంగా ఎలా ఆడాడో దాన్ని బట్టి కార్డు మీద ఫలితాలు రాసి ఉంటాయి. మూడు పాచికలు వేస్తాం. మొదటిది బ్యాటర్ కార్డు చూడాలో, బంతి విసిరే పిచర్ కార్డు చూడాలో చెబుతుంది. మిగతా రెండూ కలిపితే వచ్చిన అంకె దగ్గర ఏం జరిగిందో ఉంటుంది. రెండు పాచికల మీద ఏడు తరచుగా పడుతుంది, పన్నెండు అరుదు. అందుకని మంచి బ్యాటర్‌కి హిట్ ఏడు దగ్గర ఉంటుంది, సామాన్యుడికి పన్నెండు దగ్గర. ఫీల్డింగ్‌కి విడిగా ఒకటి నుంచి ఐదు వరకు గ్రేడు. ఒకటైతే బంతి ఎటు వెళ్లినా అందుకుంటాడు. ఐదైతే నిలబడి చూస్తాడు.

ఏడాదంతటిలో నాలుగు మ్యాచ్‌లే ఆడినవాడి కార్డును మాత్రం నమ్మకూడదు. ఆ నాలుగు రోజులూ కలిసొస్తే మహావీరుడు, కలిసిరాకపోతే పనికిరానివాడు. అలాంటి కార్డులను మేము ఆటలోకి రానిచ్చేవాళ్లం కాదు. కొత్తగా చేరినవాళ్లకు ఆ నియమం నేర్పేది నేనే.

నేను ఒషావా వచ్చాక, ఇండియా నుంచి స్టూడెంట్లు వెల్లువలా వచ్చిన ఏళ్లలో, బేస్‌బాల్ లాంటిదే అయిన సాఫ్ట్‌బాల్ ఆడే మా వేసవి జట్టుకి ఒక మనిషి తక్కువై, గుంటూరు వైపు నుంచి వచ్చిన ఈ కుర్రాణ్ని చేర్చుకున్నాం. బేస్‌మెంట్‌లో చాలామందితో కలిసి ఉండేవాడు. రాత్రంతా వేర్‌హౌస్‌లో పని చేసి ఆదివారం పొద్దున సరాసరి గ్రౌండ్‌కి వచ్చేవాడు. సెంటర్ ఫీల్డ్‌లో నిలబెడితే బంతి తల మీదుగా పోయాక కదిలేవాడు.

వేసవి చివర సరదాకి మా జట్టులో అందరికీ కార్డులు తయారుచేసి, మా ఇంట్లో భోజనాలప్పుడు పంచాను. అతనికి ఐదు వేశాను.

"ఏం ఫైవ్ గారూ, ఈ లెగ్ పీసైనా క్యాచ్ చేస్తారా, అదీ వదిలేస్తారా?" అన్నాడు మార్కమ్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజర్‌గా పనిచేసే మా మిత్రుడు.

"బిర్యానీకి నేను వన్ అంకుల్," అన్నాడు కుర్రాడు. అందరితో పాటు నవ్వాడు కూడా. అప్పటినుంచి అతని పేరే ఫైవ్ అయిపోయింది.

అతని చదువు పూర్తయింది. ఇక్కడే స్థిరపడడానికి పీఆర్‌కి అప్లై చేయాలంటే చదువుకు తగ్గ ఉద్యోగంలో ఏడాది అనుభవం కావాలి. వేర్‌హౌస్ పని లెక్కలోకి రాదు. వర్క్ పర్మిట్‌లో మిగిలింది ఏడాదికి కాస్త పైన. అప్పుడే మార్కమ్ మిత్రుడు ఫోన్ చేశాడు.

"మన ఫైవ్ నా టీమ్‌లో టెస్టింగ్ జాబ్‌కి అప్లై చేశాడు గురూ. రెజ్యూమె బానే ఉంది. ఇంటర్వ్యూకి పిలవమంటావా?"

"కార్డు చూశావుగా," అన్నాను.

"అంటే వద్దంటావా?"

"బాల్ దాటిపోయాక గానీ కదలడు. ఇక నీ ఇష్టం."

పడిపడి నవ్వాడు. పిలవలేదు.

నేను ఆ కుర్రాణ్ని చూసింది కొన్ని ఆదివారాలు, అదీ నిద్ర లేని పొద్దుటి పూటలు. అతను రాసిన కోడ్ ఒక్క లైను చూడలేదు. ముక్కూ మొహం తెలియని ఆటగాళ్ల విషయంలో అంత ఖచ్చితంగా పాటించిన నియమం, నా ఇంట్లో అన్నం తిన్నవాడి విషయంలో గుర్తుకే రాలేదు. ఇంకెక్కడా పని దొరకకుండానే పర్మిట్ అయిపోయింది. వెళ్లిపోయాడు.

కిందటి నెల నంబరు సంపాదించి ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"అయితే నా రెజ్యూమెలో తప్పేం లేదా అంకుల్?"

"లేదు. బాగుందనే అన్నాడు."

"నేను దాన్నే మార్చి మార్చి చచ్చా అంకుల్. అదే బాలేదనుకున్నా."

క్షమించమన్నాను.

"ఈ మాట మా నాన్నకి మీరే చెప్పండి అంకుల్. నేను చెబితే నమ్మడు. కష్టపడకే వచ్చేశానంటాడు. ఉండండి, ఇస్తున్నా."

ఫోన్ చేతులు మారిన చప్పుడు వినిపించింది.

"ఆఁ, నమస్కారమండీ. ఎవరండీ మాట్లాడేది?" అన్నాడు ఆ తండ్రి.