మామగారి రసమట్టం

ఆయన పని గోడలకు పటాలు తగిలించడం. ఆఫీసుల్లో పెద్దల ఫోటోలు, ఆసుపత్రి వరండాలో పువ్వుల బొమ్మలు, బళ్ళో గడియారాలు. ఊళ్ళో గోడకు ఏది వేలాడుతున్నా ఆ మేకు ఆయన కొట్టిందే. అందరూ ఆయన్ని రసమట్టం బాబాయి అంటారు. రసమట్టమంటే గాజు గొట్టంలో బుడగ ఉన్న చెక్క. బుడగ నడిమికొచ్చి నిలిస్తే పని మట్టంగా ఉన్నట్టు.

ఇరవై రెండేళ్ళ కిందట, తాపీమేస్త్రీ అయిన మామగారు తన రసమట్టాన్ని కొత్తల్లుడైన బాబాయి చేతిలో పెట్టారు. దాని మీద ఒక పక్క మామగారి పేరు చెక్కి ఉంది. పటం మీద ఎప్పుడు పెట్టినా ఆ పేరు తనవైపే ఉండేట్టు పెడతాడు బాబాయి. తిప్పి పెడితే మామగారి మొహం గోడకు తిప్పినట్టవుతుందని ఆయన మర్యాద. తోటి పనివాడెవడైనా పనిముట్టును తిడితే, “ఆడలేక మద్దెల ఓడట” అనేవాడు.

ఇంట్లో మాత్రం ఒక పేచీ ఉండేది. హాల్లో పెళ్ళి ఫోటో కుడికి వాలిందని భార్య అంటుంది.

“ఏవండీ, అందులో నేను జారి మీ మీద పడేట్టున్నాను.”

బాబాయి వెంటనే రసమట్టం తెచ్చి ఫ్రేము మీద పెట్టేవాడు. బుడగ బుద్ధిగా నడిమికొచ్చేది.

“మీ నాన్న మట్టమే చెబుతోంది. ఇక కాదను.”

ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయేది. గెలిచాననుకునేవాడు ఈయన.

ఇలా ఉండగా, ఆకాశాన్ని చదివే సంస్థలో ప్రదర్శన పెడుతున్నారని కబురొచ్చింది. నలభై పటాలు. ఫ్రేముల్లో అన్నీ కోడిగుడ్డు ఆకారపు ఆకాశం బొమ్మలు, మచ్చలు మచ్చలుగా. రెండు రోజుల్లో కొట్టేశాడు. తెల్లారితే ప్రారంభం. అక్కడి ప్రొఫెసరమ్మ టీ గ్లాసుతో వచ్చి, గుమ్మంలో నిలబడి, తల కొంచెం పక్కకు వంచింది.

“బాబాయ్‌గారూ, ఇవి కుడికి వాలాయి.”

“మట్టం పెట్టే కొట్టానమ్మా.”

“ఒకటి అటూ ఒకటి ఇటూ వాలితే చెయ్యి తడబడిందనుకునేదాన్ని. నలభైకి నలభై ఒకేవైపు వాలితే అది చెయ్యి కాదు.”

ఆవిడ దగ్గర్లో ఉన్న పటం మీద వేలు పెట్టింది.

“ఇది విశ్వం పసితనంలో బయల్దేరిన వెలుగు. ఇప్పటికీ అన్ని దిక్కుల నుంచీ వస్తూనే ఉంది. ఈ మచ్చలు కొన్ని కాస్త వేడి, కొన్ని కాస్త చల్లన. ఏ దిక్కుకీ మొగ్గకుండా చెదురుమదురుగా ఉండాలి. కానీ వీటిలో బాగా పెద్దవి ఒక వరస కట్టినట్టున్నాయి. ఆ వరస కూడా మన భూమీ గ్రహాలూ సూర్యుడి చుట్టూ తిరిగే దారికి దగ్గర్లో ఉంది. ఆకాశమంతా మన వాకిటి వైపే వాలితే ఏమనుకోవాలి?”

“మనమంటే అభిమానమనుకోవాలి.”

“ముందు పనిముట్టుని అనుమానించాలి. అందుకే మొదట కొలిచిన ఉపగ్రహాన్ని నమ్మక, ఇంకో ఉపగ్రహంతోనూ కొలిచి చూశారు.”

“సర్దుకుందా?”

“లేదు. అలాగే ఉంది. ఊరికే అలా కుదిరిందో, ఇంకేదైనా ఉందో తెలీదు. పక్కన పెట్టి పోల్చుకుందామంటే ఇంకో ఆకాశం లేదు కదా. మీ పని నయం. ఆ మట్టాన్ని ఓసారి తిప్పి పెట్టండి, సరైనదైతే బుడగ నడిమిలోనే ఉంటుంది.”

ఆవిడ వెళ్ళేదాకా ఆగి, తిప్పి పెట్టాడు. మామగారి పేరు గోడవైపు తిరిగింది. బుడగ అలిగిన చుట్టంలా ఎడమ మూలకు పోయి కూర్చుంది.

బాబాయికి ఊరంతా కళ్ళముందు తిరిగింది. బడి, ఆసుపత్రి, బ్యాంకు, అన్నీ ఒకే దిక్కుకి వాలి ఉన్నాయి. పంటి డాక్టరు దగ్గర జనం తలలు కుడికి వంచుకుని కూర్చుంటే, నొప్పి వల్లనుకునేవాడు ఇన్నాళ్ళూ.

సంస్థ వడ్రంగి దగ్గర వేరే మట్టం అడిగి తెచ్చుకుని, సాయంత్రంలోగా నలభైనీ సరిచేశాడు. కష్టమంతా ఇంటి దగ్గరే ఉంది. ఫోటో వంకరని ఒప్పుకోవాలంటే మట్టం తప్పని చెప్పాలి. మట్టం తప్పంటే, పోయిన మామగారిని ఆయన కూతురి ముందు అన్నట్టే. దారిపొడుగునా ఆలోచించి, తప్పు తన నెత్తిన వేసుకోవాలని నిర్ణయించుకున్నాడు. వీధి మలుపు తిరిగేసరికి తన మంచితనం తనకే ముచ్చటేసింది.

భార్య మేడ మీద ఆరిన బట్టలు తీస్తుండగా, ఆ అడిగి తెచ్చిన మట్టంతోనే పెళ్ళి ఫోటో సర్దేశాడు. ఆవిడ బట్టల మోపుతో దిగొచ్చి, గోడవైపు చూసి ఆగింది.

“ఇన్నాళ్ళకి కుదిరింది. ఏం చేశారు?”

బాబాయి గొంతు సవరించుకున్నాడు. “తప్పు నాదే. నా పనితనమే వంకర.”

“మట్టాన్ని తిప్పి చూశారా?”

“తిప్పడమేంటి?”

“ఇచ్చిన రోజే చెప్పాడుగా నాన్న. ‘ఇది ఓసారి పరంజా మీంచి పడింది అల్లుడూ, కాస్త అబద్ధమాడుతుంది, అటూ ఇటూ తిప్పి చూసుకో’ అని. మీరు తల కూడా ఊపారు.”

ఊపినట్టే గుర్తొచ్చింది. మామగారు ఏమన్నా తలూపే రోజులవి.

“మరి ఇరవై రెండేళ్ళూ చెప్పవే?”

“వంకరని రోజూ చెబుతూనే ఉన్నా. మీరు తిప్పి చూసే అంత గట్టిగా అంటున్నారనుకున్నా. మీ కంటిలోనే ఏదో తేడా ఉంది, మీ మనసు నొప్పించడమెందుకని ఊరుకునేదాన్ని.” బట్టలు మంచం మీద వేసి మడతపెట్టడం మొదలెట్టింది.

మద్దెల ఓడే. ఆ సంగతి మద్దెల ఇచ్చినాయనే చెప్పాడు. మామగారి పరువు కాపాడ్డానికి ఆడిన అబద్ధం కాస్తా అచ్చమైన నిజమై కూర్చుంది. బాబాయి ఒక కొస పట్టుకుని దుప్పటి మడత సాయం చేశాడు.

మర్నాడు పొద్దున్నే పనిముట్ల సంచీ భుజానికేసుకుని బయల్దేరుతుంటే, ఎక్కడికని అడిగింది భార్య.

“పంటి డాక్టరు దగ్గరికి.”

“పన్నుకేమైంది?”

“ఏం లేదు,” అన్నాడు చెప్పులేసుకుంటూ. “ఊరికే, ఓసారి చూసొద్దామని.”