ఏడో విస్తరి

రాస్తున్నావా అమ్మలూ? నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి. మధ్యలో మెరుగులు దిద్దావంటే నువ్వూ మీ తెనాలి తాతయ్య జట్టేననుకుంటాను.

తెనాలి తాతయ్యంటే నా సొంత తమ్ముడే కదా. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక మా వంశ చరిత్ర పుస్తకం వేస్తానన్నాడు. మంచిదే. మా తాత, అంటే మా నాన్నకి నాన్న, నిజాంపట్నం రేవు నుంచి ధాన్యం వేసుకెళ్ళే తెరచాప ఓడకి తండేలు. ఓడ నడిపే పెద్దని మా వైపు అలాగే పిలుస్తారు. ఒక గాలివానలో ఆ ఓడ పోయింది. మనుషులూ పోయారు. చెక్క ముక్క కూడా ఒడ్డుకి రాలేదు. అప్పటికి మా నాన్న పాలు తాగే పిల్లాడు.

మొన్న వేసవిలో తమ్ముడు పుస్తకం అట్ట చూపించడానికి రేపల్లె వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. మూడు పొగగొట్టాల ఇనప ఓడ. దాని ముందు తెల్లటోపీ, బంగారు గుండీల కోటు వేసుకుని ఒక దొర.

"ఎవర్రా ఈయన?" అన్నాను.

"తాతే అక్కా. కంప్యూటర్లో చేయించా. కెప్టెనంటే అట్టా ఉండాలి గదా."

"తాతకి గోచీ, తలకి తుండుగుడ్డ తప్పితే ఏముందిరా?"

"గోచీతో అట్ట వేస్తే నలుగురూ నవ్వరూ?"

నవ్వితే నవ్వనీ. ఉప్పునీళ్ళలో పోయిన మనిషికి గుండీలు కుట్టిస్తాడా వీడు! కాఫీ ఇచ్చాను గానీ వాడి ఎదురుగా కూర్చోవాలనిపించలేదు.

లోపల పేజీల్లో ఓడ పోయినప్పటి ఒక పాత కాగితం నకలు పెట్టాడు. ఎక్కడెక్కడో తిరిగి సంపాదించాడట, ఆ మాట ఒప్పుకోవాలి. అందులో ఓడ పేరుంది, తండేలు పేరుంది, వాటి కింద "మరి ఆరుగురు" అని ఉంది. తాతతో కలిపి ఏడుగురన్నమాట. తమ్ముడి దగ్గర మాత్రం ఆరు పేర్లే ఉన్నాయి. ఆ ఆరూ కూడా మా నాయనమ్మ నోటి నుంచి వచ్చినవే.

ఆవిడకో పద్ధతుండేది. మొగుడు ఏ రోజు పోయాడో తెలీదు కాబట్టి ఏటా మహాలయ అమావాస్యకి కాలవ గట్టు మీద విస్తళ్ళు వేసేది. మొగుడొక్కడికే కాదు, ఓడలో వెళ్ళిన అందరికీ. తండేలు భార్య కదా, వాళ్ళ కడుపులు తన పూచీ అనుకునేది. ఒకడికి రొయ్యల ఇగురు, ఒకడికి గోంగూర, ఇంకొకడికి పులుపు పడదని చప్పిడి పప్పు. వాళ్ళందరికీ పెట్టాక ఆఖర్న తాతకి. పేరు పేరునా పిలిచి, "రా అయ్యా, తిని పో" అనేది.

అట్లా తాతతో కలిపి ఆరు విస్తళ్ళు వరసగా ఉండేవి. ఏడోది రెండు బారల అవతల, గట్టు దిగువన. దానికి వేరే సత్తు గిన్నెలోంచి వడ్డించేది. పిలిచేటప్పుడు పేరుండేది కాదు. అటు తిరగకుండానే, "నువ్వూ తిను" అనేది.

చిన్నప్పుడు అడిగాను, ఆయనకి పేరు లేదా అని.

"ఆయన వేరు. నీకెందుకే, గారె తిను" అంది.

నేనూ గారె తిన్నాను.

నాయనమ్మ తర్వాత మా అమ్మ, అమ్మ తర్వాత నేను. నా చేతులతో ఎన్నేళ్ళు వేశానో. రెండు బారల దూరం కొలిచినట్టు వేసేదాన్ని. అదే సత్తు గిన్నె. ఎందుకని ఒక్కనాడూ అనుకోలేదు. అలవాటు కాదు అమ్మలూ, బుద్ధి లేకపోవడం. అట్లాగే రాయి.

ఏడో పేరు లేకుండా పుస్తకం అచ్చుకి వెళ్ళడానికి వీల్లేదని తమ్ముడితో పేచీ పెట్టుకుని, నిజాంపట్నం బస్సెక్కాను. రేవులో వలలు బాగుచేసే ముసలాయన ఒకాయనున్నాడు, వాళ్ళ తాత కూడా ఓడల మీద తిరిగినవాడే. విస్తళ్ళ సంగతి చెప్పి, ఏడో మనిషి ఎవరని అడిగితే ఆయన చేతిలో వల పక్కన పెట్టాడు.

"తెలీకనే అడుగుతున్నావా అమ్మాయ్? ఓడలో ఊరిన నీళ్ళు తోడేవాడు. బాపట్ల పక్క పల్లె. చర్చికెళ్ళే వాళ్ళు. మీరు గడప తొక్కనిచ్చే వాళ్ళు కాదులే."

"మరి ఓడలోనో?"

"ఓడలో ఒకటే పొయ్యి, ఒకటే కుండ. సముద్రం మధ్యలో ఇంకో కుండ ఎవడు మోస్తాడు?"

ఆ మాటతో నాకు ఒళ్ళంతా కంపరమెత్తింది. బతికుండగా తాత పక్కన కూర్చుని, తాత తిన్న కుండలోదే తిన్నాడు. ఇద్దరూ కలిసే మునిగారు. చచ్చాక ఒడ్డున మేం లేపి దూరంగా కూర్చోబెట్టాం. తిరుగు బస్సులో నా చేతులు నాకే వాసనేసినట్టుండి కొంగుతో తుడుచుకుంటూనే ఉన్నాను.

పేరు ఆ ముసలాయనకీ తెలీదు. ఆయన చెప్పిన గుర్తులు పట్టుకుని బాపట్ల వెళ్ళాను. రేపల్లె నుంచి తెనాలి, తెనాలిలో బండి మారి బాపట్ల. ఏడో మనిషి మునిమనవరాలు అక్కడ టీచరు చేసి రిటైరైంది. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, "చెప్పండి మామ్మగారూ" అంది. నేనెవరో చెప్పాను. ఓడ సంగతి వాళ్ళింట్లోనూ అందరికీ తెలుసు.

"ఆయన పేరు కావాలమ్మా, పుస్తకంలో వెయ్యడానికి" అన్నాను.

"ఇన్నేళ్ళూ మీ ఇంట్లో ఆయన్నేమనేవాళ్ళండి?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. విస్తళ్ళ సంగతి చెప్పాను. రెండు బారలూ, సత్తు గిన్నె, "నువ్వూ తిను" అన్న పిలుపూ, అన్నీ. నాయనమ్మ మీదకి తోసెయ్యకుండా నేనే వేశానని కూడా చెప్పాను.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. నా చేతిలో గ్లాసు ఖాళీ అయిందా లేదా అని చూసి, అందుకుని పక్కన పెట్టింది.

"పేరు చెప్పనండి. విస్తరి పక్కన వేసినట్టే పేరూ పక్కన వేస్తారు. ఇకనుంచి ఆ విస్తరి కూడా వెయ్యకండి మామ్మగారూ. ఏటా మేం ఆయన పేరు మీద ప్రార్థన పెట్టించుకుంటాం. మీ అన్నం కోసం ఎదురు చూడట్లేదాయన."

బయటికొస్తుంటే చెప్పులు తొడుక్కోవడానికి నడుము వంగక తడుముకుంటున్నాను. ఆవిడే నా మోచెయ్యి పట్టుకుంది. దానికి నేను పడ్డంత సిగ్గు ఇంక దేనికీ పడలేదు.

బాపట్ల స్టేషన్లో కూర్చుని తమ్ముడికి ఫోన్ చేశాను. అంతా విన్నాడు.

"ఇంకేం అక్కా, వాళ్ళే వద్దన్నారుగా. తండేలుతో కలిపి ఆరుగురని వేసేద్దాం. ఆ పాత కాగితం తీసేస్తాలే."

"ఏడుగురని రాయి. ఏడో పేరు మాకు తెలీదని రాయి. ఎందుకు తెలీదో కూడా రాయి."

"పిచ్చా నీకు? శుభమా అని సభ పెట్టుకుని ఆవిష్కరణ చేసుకుంటుంటే మధ్యలో కులం గొడవేంటి? నీ పేరు కూడా చెడుతుంది."

"చెడ్డదేరా నా పేరు, కొత్తగా చెడేదేముంది?"

"ఎండలో తిరిగావు, ఇంటికెళ్ళి పడుకో" అని పెట్టేశాడు.

ఛీ. ఆ మాట వాడి మీదన్నానో నా మీదన్నానో, పక్క బెంచీ మీదున్న అమ్మాయి తననే అన్నాననుకుని కాళ్ళు సర్దుకుంది.

పుస్తకం వచ్చేసింది. చూశావుగా, టీవీ పక్కన పెట్టారు మీ అమ్మావాళ్ళు. బంగారు గుండీల తాత, ఆరు పేర్లు. వాడి సభకి నేను వెళ్ళలేదు. నాకు మోకాళ్ళ నొప్పులని చెప్పుకున్నాడట అందరికీ. నా మోకాళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

ఈ ఏడు అమావాస్యకి ఆరు విస్తళ్ళే వేశాను. ఏడోది వెయ్యొద్దని చెప్పే హక్కు ఆవిడదే కదా. పిలవడం మాత్రం పూర్తి చెయ్యలేకపోయాను. పేరు పేరునా పిలుస్తుంటే ప్రతి పేరు దగ్గరా రోతపుట్టి, తాత పేరు దాకా రాకుండానే లేచి వచ్చేశాను.

పుస్తకంలో వాడు వెయ్యనిది నీ కాగితాల్లో ఉండాలని నీకు చెబుతున్నాను. ఏంటలా చూస్తావు, నా మీద జాలి వేసి మాటలు మార్చకు. పెరట్లో గూట్లో ఆ సత్తు గిన్నె ఇంకా ఉంది, మిగతా గిన్నెలకి తగలకుండా. అక్కడ విడిగా పెట్టింది నేనే. వెళ్ళి చూసొచ్చి, అది కూడా రాయి.