గడప దగ్గరి బొక్కెన

బడిలో పిల్లలకు బర్నరు మంట తగ్గించడం నేర్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఒక పెద్దమనిషి గుర్తొస్తాడు. ముందు కింది గాలి రంధ్రం మూయాలి, ఆ తర్వాతే గ్యాసు తగ్గించాలి. పాఠం అంతే. చిన్న పిల్లకు చెప్పినా పట్టుబడుతుంది. నేను చదివిన బడిలో పెద్ద పంతులుకు మాత్రం పట్టుబడలేదు, ఎందుకంటే ఆయన ఒకరి దగ్గర నేర్చుకునే రకం కాదు. ఊరి పేరు, బడి పేరు చెప్పను. వనపర్తికీ ఆత్మకూరుకూ మధ్య ఎక్కడో ఉందనుకోండి. ఆయన మనవలు మంచివాళ్ళు, ఎదురుపడితే నమస్కారం పెడతారు. వాళ్ళ ముఖం చూసి ఈ మాత్రం దయ చూపిస్తున్నాను.

మాది ఉప్పునుంతల దగ్గరి పల్లె. మావాళ్ళు తరతరాలుగా ఇంకొకరి పొలాల్లో కూలి చేసి బతికినవాళ్ళు. మేం వెళ్ళే చర్చి పాదిరిగారు పట్టుబట్టి నన్ను ఆ బడిలో చేర్పించారు. అప్పటికే నాకు మీసాలు వచ్చాయి. చదువు ఆగితే నా గతి ఏమిటో నాకు బాగా తెలుసు. మా నాయన జీతమున్న పటేలు ఇంట్లోనే ఇంకో జీతగాడి చోటు నాకోసం ఖాళీగా ఉంది. ఆ పటేలు మా నాయనను చూసినప్పుడల్లా నా చదువు గురించి కాదు, నా భుజాలు ఎంత వెడల్పయ్యాయని అడిగేవాడట. అందుకే ఆ ఏటి పరీక్ష దాకా ఏం అన్నా పడి బడిలో ఉండాలని పళ్ళు బిగించుకున్నాను.

ఉండడమంటే గడప దగ్గర ఉండడం. పాఠం ఉర్దూలో, తిట్లు తెలుగులో. రెండూ నాకు గడప దాకా బాగానే వినిపించేవి.

రెండో ప్రపంచ యుద్ధం రాకముందు, పెట్రోలు ఇంకా సులువుగా దొరికే రోజుల్లో, ఆ ఊరి దొర హైదరాబాదులో ఏదో కాలేజీ చూసి ముచ్చటపడి, మా బడికి ఒక యంత్రం దానం చేశాడు. పెట్రోలు ఆవిరిని గాలితో కలిపి గొట్టంలోకి పంపుతుంది అది. గొట్టం చివర బల్లమీద ఇత్తడి బర్నరు. పెద్ద పంతులు దాన్ని చూసి ముందు చేసిన పని పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టడం. గాలి రంధ్రంలో కూడా కాస్త కుంకుమ పోసి, సైన్సు పంతులు సూదితో గోకి తీస్తుంటే, శాస్త్రం తెలియనివాడని ఆయన్నే కోప్పడ్డాడు.

సైన్సు పంతులు చెడ్డవాడు కాడు. భయస్థుడు, అంతకంటే పెద్ద జబ్బు లేదు. పాఠం మాత్రం చక్కగా చెప్పాడు. కండువా తీసి పక్కన పెట్టండి, పిలకలున్నవాళ్ళు ముడి వేసుకోండి, ముందు పుల్ల గీసి ఆ తర్వాతే గ్యాసు మర తిప్పండి, మంట లోపలికి దిగితే మర కట్టేయండి కానీ కాలుతుండే బర్నరు గొట్టాన్ని ముట్టకండి అన్నాడు. మంట అంటుకుంటే చల్లడానికి ఇసుక, చెయ్యి కాలితే ముంచడానికి నీళ్ళు దగ్గర ఉండాలన్నాడు. ఇసుక సరే, రోజూ నీళ్ళు ఎవరు మోయాలి? పటేళ్ళ కొడుకులు మోయరు. పెద్ద పంతులు ఆలోచించి, అవి తాగే నీళ్ళు కావు కాబట్టి నేను మోయవచ్చని సెలవిచ్చాడు. బడి బావిలో చేద వేసే హక్కు నాకు లేదు. వాగు నుంచి రేకు బొక్కెనలో తెచ్చి గడప బయట పెట్టేవాణ్ణి. బొక్కెన కూడా నాలాగే బయట.

దొర వచ్చి వెలిగించే రోజు వచ్చింది. సైన్సు పంతులు చెప్పినట్టే చేసి ఆయన మంట వెలిగించాడు, గాలి రంధ్రం తెరిస్తే అది నీలంగా నిలబడింది. చప్పట్లు కొట్టారు. దొరను వరండాలోకి ఫలహారానికి తీసుకుపోయారు. సైన్సు పంతులు మర కట్టేయబోతే పెద్ద పంతులు చెయ్యి పట్టుకుని ఆపాడు. శుభమా అని వెలిగించిన దీపాన్ని దొర ఊరు దాటకముందే ఆర్పడం అరిష్టమట. పెట్రోలు వృథా అవుతుందంటే, ఆ మాత్రం నాకు తెలియదా అని తానే మర తిప్పి మంట తగ్గించాడు. గాలి రంధ్రం మాత్రం బార్లా తెరిచే ఉంది. నీలి మంటే అందంగా ఉంటుందని దాన్ని మూయనివ్వలేదు.

టప్‌మని చిన్న చప్పుడు. పైన మంట కనిపించలేదు.

సరిగ్గా అప్పుడే, సైన్సు పంతులు నీళ్ళు దగ్గర పెట్టమని సైగ చేస్తే, నేను బొక్కెనతో ఒక కాలు గడప లోపల పెట్టి ఉన్నాను. పెద్ద పంతులు ఆరిన మంటను చూశాడు, నా కాలును చూశాడు. ఆయన బుర్రకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

"వీడు గడప దాటిండు, దీపం కొండెక్కింది. రేపటి సంది బడికి రావొద్దురా నువ్వు. పేరు కొట్టేస్త."

పటేలు ఇంటి పశువుల కొట్టం నా కళ్ళముందు కనిపించింది. కానీ చెవులు పనిచేస్తూనే ఉన్నాయి. గొట్టం లోపల సన్నగా బుసకొడుతున్నది నాకు వినిపించింది.

"మంట పోలేదు పంతులయ్యా, గొట్టం లోపలికి దిగింది. జర ముట్టకుండ్రి."

నేను చెప్పకపోతే ముట్టేవాడు కాదేమో. నేను చెప్పాను కాబట్టి ముట్టాడు. నాది అబద్ధమని గదికంతా చూపించడానికి కాలిన ఇత్తడి గొట్టాన్ని పిడికిలి నిండా పట్టుకున్నాడు. ఒక్క కేక వేసి, రెండంగల్లో నా దగ్గరికొచ్చి, నా చేతిలోని బొక్కెనలో మణికట్టు దాకా చెయ్యి ముంచాడు. తాగే నీళ్ళ కుండ ఆ మూలనే, మూత పెట్టి ఉంది. అటు చూడనే లేదు. తల దించి అలాగే వంగి మూలుగుతూ, కాసేపటికి నాతోనే అన్నాడు:

"జర ఇంకిన్ని నీళ్ళు తేరా."

వాగుకు పరుగెత్తి తెచ్చాను. ఆలోగా సైన్సు పంతులుకు ధైర్యం వచ్చి మర కట్టేశాడు.

ఫలహారం ముగించుకుని దొర వచ్చి, చేతికి ఆ తడిగుడ్డ ఏమిటని అడిగాడు. పెద్ద పంతులు ఏమీ లేదు, కాస్త వేడి తగిలిందన్నాడు. నా కాలి సంగతి ఎత్తలేదు. ఎత్తితే తన చెయ్యి ఎక్కడ ముంచాడో కూడా చెప్పాలి. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాడు. నా పేరు కొట్టేసే మాట మళ్ళీ రాలేదు. సాయంత్రం ఇంటికి పోయి, బొబ్బలెక్కిన చేతిని పైకెత్తి పట్టుకుని, భార్య నీళ్ళు పోస్తుంటే మైల స్నానం చేశాడని మర్నాడు బడంతా గుసగుసలు. నన్ను ఇంకిన్ని నీళ్ళు అడిగిన నోటినీ పుక్కిలించాడో లేదో తెలియదు. ఇన్నేళ్ళైనా ఆ మనిషిమీద నాకు కోపం లేదు, అసహ్యమే ఉంది. కోపం సాటి మనిషిమీద వస్తుంది.

మర్నాడు నేను వాగు నుంచి వచ్చేసరికి, బొక్కెన పెట్టే చోటు మారిందని సైన్సు పంతులు నేల చూస్తూ చెప్పాడు. ఇకమీద అది బల్ల పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గర ఉండాలని పెద్ద పంతులు ఉత్తర్వు. గడప దగ్గర నా చేతిలోంచి దాన్ని సైన్సు పంతులే అందుకుని లోపలికి తీసుకుపోయాడు. పరీక్ష దాకా ఆ బొక్కెనను రోజూ నేనే నింపాను. అది లోపల ఉండేది, నేను గడప దగ్గర కూర్చునేవాణ్ణి.